దిగులు పెంచే బరువు



దిగులు మనసుకే కాదు, ఒంటికీ తగులుతుంది. కొందరు దిగులుతో చిక్కిపోతారు. కొందరు లావెక్కుతారు. ఎందుకిలా జరుగుతుంది? దీన్ని మనం తగ్గించుకోగలమా? ఈ పాఠంలో చూద్దాం.

పెద్దక్క అడిగిన ప్రశ్న

మాది పల్నాడులో మిరప పండే ఊరు. రాత్రి ఏడున్నరకు మా కేంద్రంలో పదిహేనుమంది ఆడవాళ్ళు చదువుకోవడానికి కూర్చుంటారు. వాళ్ళలో ఒక అక్క ఉంది. వయసు నలభై దాటింది. ఆమె పేరు ఇక్కడ రాయను. పెద్దక్క అందాం.

ఒకరోజు పాఠం అయ్యాక పెద్దక్క అడిగింది.

"టీచరమ్మా, రాత్రి పూట అన్నం మానేశా. అయినా ఒళ్ళు తగ్గట్లేదు. పొట్ట ముందుకొస్తానే ఉంది. అందరూ ఏం తింటన్నావే అని నవ్వుతున్నారు. నేనేం తింటన్నానమ్మా? దిగులు తింటన్నా."

ఆ మాటకు అందరూ నవ్వారు. పెద్దక్క నవ్వలేదు.

ఆమె దిగులు చిన్నది కాదు. 2021లో రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసింది. ఆ ఏడు నల్ల తామర పురుగు పడింది. పూత రాలిపోయింది. పంట పోయింది. కౌలు కట్టాలి. మందుల కొట్లో బాకీ కట్టాలి. అప్పటినుంచీ ఆమెకు సరిగా నిద్ర లేదు. అర్ధరాత్రి మెలకువ వస్తుంది. కళ్ళు తెరుచుకుని వడ్డీ లెక్క వేసుకుంటుంది.

ఆమె ప్రశ్నకు ఆ రోజు నాకు జవాబు తెలియలేదు. నేను పుస్తకాలు చదివాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మను అడిగాను. తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

ఒంట్లో ఉండే కాపలా

మీరు మిరప చేలో కాయ కోస్తున్నారు. కాళ్ళ దగ్గర సర్రుమని ఏదో కదిలింది. పాము!

అప్పుడు ఏమవుతుంది? గుండె దడదడ కొట్టుకుంటుంది. ఊపిరి వేగంగా ఆడుతుంది. అరచేతులు చెమర్చుతాయి. కాళ్ళకు ఎక్కడలేని బలం వస్తుంది. ఒక్క గెంతుతో గట్టు మీద ఉంటారు. అప్పటిదాకా వేసిన ఆకలి కూడా గుర్తుండదు.

ఆ బలం ఎక్కడినుంచి వచ్చింది? మనకు రెండు మూత్రపిండాలు ఉన్నాయి. ఒక్కోదాని మీద టోపీ పెట్టినట్టు ఒక చిన్న గ్రంథి ఉంటుంది. బరువు సుమారు 5 గ్రాములే. భయం కలగగానే మెదడు ఈ గ్రంథులకు కబురు పంపుతుంది. అవి రెండు రకాల హార్మోన్లను నెత్తురులోకి వదులుతాయి.

హార్మోను అంటే ఏమిటి? ఒంట్లో ఒక చోట పుట్టి, నెత్తురులో కలిసి, ఇంకో చోటికి కబురు మోసే పదార్థం. వెనకటి రోజుల్లో ఊరంతా తిరిగి చాటింపు వేసే తలారి లాంటిది.

మొదటి హార్మోను పేరు అడ్రినలిన్. ఇది క్షణాల్లో పనిచేస్తుంది. గుండె దడ దీనివల్లే.

రెండోదాని పేరు కార్టిసోల్. ఇది కొంచెం నిదానంగా వస్తుంది. కొన్ని నిమిషాలు పడుతుంది. ఎక్కువసేపు ఉంటుంది. "పరుగెత్తాలి, బలం కావాలి, దాచిన చక్కెర బయటికి తియ్యి" అని కాలేయానికి చెబుతుంది. నెత్తురులో చక్కెర పెరుగుతుంది.

కార్టిసోల్ చెడ్డది కాదు. అది లేకపోతే మనం బతకలేం. తెల్లవారుజామున అది పెరుగుతుంది. పడక దిగి పని చేసుకునే ఓపిక ఇస్తుంది. సాయంత్రానికి తగ్గుతూ వస్తుంది. అర్ధరాత్రికి బాగా తక్కువగా ఉంటుంది. అప్పుడు ఒళ్ళు విశ్రాంతి తీసుకుంటుంది.

పాము పోయింది, అప్పు పోలేదు

పాము పొదలోకి పోతుంది. కాసేపటికి గుండె నెమ్మదిస్తుంది. కార్టిసోల్ తగ్గుతుంది. మనం మళ్ళీ కాయ కోసుకుంటాం.

అప్పు అలా పోదు. తాగివచ్చే మొగుడి భయం అలా పోదు. ఆడపిల్ల పెళ్ళి దిగులు, జబ్బుపడిన అత్తగారి సేవ, కొడుకు చదువు, ఇవేవీ పది నిమిషాల్లో పోవు. రోజూ ఉంటాయి.

మన ఒంటికి పాముకూ అప్పుకూ తేడా తెలియదు. రెంటికీ అదే చాటింపు వేస్తుంది. పాముకు ఒక్కసారి వేస్తుంది. అప్పుకు రోజూ వేస్తుంది.

ఈ సంగతిని మొదట గట్టిగా చెప్పినవారిలో ఒకరు హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త. ఆయన కెనడా దేశంలో మాంట్రియల్ నగరంలో పనిచేశారు. ఎలుకలను చలిలో ఉంచి చూశారు. ఒళ్ళు అలిసేలా చేసి చూశారు. బాధ ఏదైనా ఆ ఎలుకల ఒంట్లో జరిగింది ఒకటే. ఈ గ్రంథులు ఉబ్బాయి. కడుపులో పుండ్లు పడ్డాయి. 1936లో ఆయన ఈ విషయం ప్రకటించారు.

మన పెద్దలు ఎప్పుడో అన్నారు: చితి చచ్చినవాళ్ళను కాలుస్తుంది, చింత బతికున్నవాళ్ళను కాలుస్తుంది.

ఒళ్ళు ఎలా పెరుగుతుంది?

ఒకటి: చక్కెర ఖర్చు కాదు. పాము కనబడితే పరుగెత్తుతాం. చక్కెర ఖర్చవుతుంది. మంచం మీద పడుకుని వడ్డీ లెక్క వేస్తే ఖర్చు కాదు. మిగిలినదాన్ని ఒళ్ళు కొవ్వుగా దాచుకుంటుంది.

రెండు: ఆ కొవ్వు పొట్టలో చేరుతుంది. పొట్ట లోపలి కొవ్వుకు కార్టిసోల్ చెప్పే కబురు ఎక్కువగా వినబడుతుంది. అందుకే చేతులు, కాళ్ళు సన్నగా ఉన్నా పొట్ట పెరుగుతుంది. ఈ కొవ్వు వల్ల షుగరు, బీపీ, గుండె జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ.

మూడు: తీపి మీదికి మనసు పోతుంది. దిగులుగా ఉన్నప్పుడు ఎవరికీ కాకరకాయ కూర తినాలనిపించదు. తీపి టీ, బిస్కెట్టు, వేయించినవి తినాలనిపిస్తుంది. అవి తింటే కాసేపు మనసు తేలికవుతుంది. కాసేపే. మళ్ళీ కావాలనిపిస్తుంది.

నాలుగు: నిద్ర పాడవుతుంది. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది. "కడుపు నిండింది, చాలు" అని చెప్పే హార్మోను తగ్గుతుంది. నిద్ర లేని మనిషికి ఎంత తిన్నా చాలినట్టు ఉండదు.

ఐదు: కండ తగ్గుతుంది. కార్టిసోల్ చాలాకాలం ఎక్కువగా ఉంటే కండ కరుగుతుంది. ఓపిక పోతుంది. ఓపిక లేక కదలం. కదలక ఇంకా బరువు పెరుగుతాం.

ఒక మాట నిజంగా చెప్పుకోవాలి. గాలి తిని ఎవరూ లావెక్కరు. దిగులు మనచేత తినిపిస్తుంది, నిద్ర చెడగొడుతుంది, తిన్నదాన్ని పొట్టలో దాస్తుంది. అంతేగాని దిగులు ఒక్కటే అన్నిటికీ కారణం కాదు. థైరాయిడ్ జబ్బు ఉన్నా బరువు పెరుగుతుంది. ముట్లు ఆగిపోయే వయసులోనూ పొట్ట పెరుగుతుంది. బరువు ఉన్నట్టుండి పెరిగినా, ఉన్నట్టుండి తగ్గినా పరీక్ష చేయించుకోవాలి.

పెద్దక్క టీ లెక్క

మేము పలక తీసుకుని లెక్క వేశాం.

పెద్దక్క రాత్రి అన్నం మానేసింది. కానీ రోజుకు ఐదుసార్లు టీ తాగుతుంది. ప్రతి టీలో రెండు చెంచాల చక్కెర.

5 టీలు × 2 చెంచాలు = 10 చెంచాలు.
చెంచాకు 5 గ్రాములు అనుకుంటే, 10 × 5 = 50 గ్రాములు.
నెలకు 50 × 30 = 1,500 గ్రాములు. అంటే కిలోన్నర చక్కెర!

రోజుకు 25 గ్రాములు మించకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దక్క టీలోనే దానికి రెట్టింపు తాగుతోంది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. రాత్రి అందరూ తిన్నాక గిన్నెలో అన్నం మిగులుతుంది. పారేయడానికి మనసొప్పదు. గిన్నె కడిగే ముందు నాలుగు ముద్దలు తింటుంది. దాన్ని ఆమె భోజనం కింద లెక్కపెట్టలేదు. మనలో ఎంతమందిమి ఇలా తింటాం? చేతులెత్తమంటే ఆ రోజు అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను.

తెల్ల మాత్రల సంగతి

పెద్దక్కకు మోకాళ్ళ నొప్పులు. ఊళ్ళో ఒకాయన మాత్రలు ఇస్తాడు. చిన్న తెల్ల మాత్రలు, కాగితంలో చుట్టి ఇస్తాడు. వేసుకుంటే గంటల్లో నొప్పి పోతుంది. ఆకలి బాగా వేస్తుంది. ఆమె ఎనిమిది నెలలుగా అవే వాడుతోంది. ఈమధ్య ముఖం గుండ్రంగా ఉబ్బింది.

డాక్టరమ్మ ఆ ముఖం చూడగానే అడిగింది: "ఏం మాత్రలు వేసుకుంటున్నావమ్మా?"

అవి స్టెరాయిడ్ మాత్రలు. స్టెరాయిడ్ అంటే మన కార్టిసోల్ లాంటి మందే. 1948లో అమెరికాలో ఈ రకం మందును మొదటిసారి కీళ్ళవాతం ఉన్న ఒకామెకు ఇచ్చారు. కదలలేని మనిషి కొద్ది రోజుల్లో నడిచింది. ఈ హార్మోన్లను కనిపెట్టినందుకు 1950లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. ఉబ్బసం లాంటి జబ్బుల్లో ఇది ప్రాణం నిలిపే మందు. డాక్టరు రాసి ఇస్తే భయపడకూడదు.

కానీ అడిగేవారు లేకుండా నెలల తరబడి వాడితే ప్రమాదం. ముఖం ఉబ్బుతుంది. పొట్ట పెరుగుతుంది. షుగరు వస్తుంది. ఎముకలు గుల్లబారతాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఈ మాత్రలు చాలాకాలం వాడినవాళ్ళు ఒక్కసారిగా మానకూడదు. బయటినుంచి మందు వస్తుంటే మన గ్రంథులు పని మానేసి పడుకుంటాయి. మందు ఉన్నట్టుండి ఆపితే ఒంట్లో కార్టిసోల్ లేకుండా పోతుంది. ప్రాణానికే ముప్పు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

కాగితంలో చుట్టి ఇచ్చే మాత్రలు తీసుకోకండి. పేరు ఉన్న అట్ట అడగండి. అట్ట దాచండి. ఏఎన్‌ఎంకు గానీ, ఆశా కార్యకర్తకు గానీ చూపించి అడగండి. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ – ఇవి స్టెరాయిడ్ మందుల పేర్లు.

బరువు తగ్గిస్తామని సంతలో అమ్మే పొడులు కూడా అంతే. "ఆకు మందే, ఏమీ కాదు" అంటారు. ఆకు మందు కూడా మందే. దిగులు తగ్గుతుందని అశ్వగంధ పొడి అమ్ముతారు. కొందరికి దానివల్ల కాలేయం దెబ్బతింది. గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్ మందు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు.

మన చేతిలో ఉన్న మార్గాలు

1. నిద్ర. పెద్దవాళ్ళకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. మనం నాలుగింటికి లేస్తాం. పదకొండింటికి పడుకుంటాం. ఎన్ని గంటలైంది? ఐదే. రెండు గంటలు తక్కువ. ఇది మన ఒక్కరి తప్పు కాదు. గిన్నెలు కడగడం, నీళ్ళు పట్టడం ఇంట్లో అందరూ పంచుకుంటే మనకు నిద్ర దొరుకుతుంది. మొగవాళ్ళకు కూడా చేతులున్నాయి. సాయంత్రం తర్వాత టీ వద్దు. పక్కలో సెల్‌ఫోను వద్దు.

2. నిదానమైన ఊపిరి. కూర్చోండి. ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి. ఒకటి నుంచి ఆరు దాకా లెక్కపెడుతూ వదలండి. ఇలా చేస్తే నిమిషానికి ఆరు ఊపిరులు అవుతాయి. ఐదు నిమిషాలు చేయండి. గుండె వేగం నెమ్మదిస్తుంది. "పాము పోయింది" అని ఒంటికి మనమే చెప్పినట్టు. అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు వడ్డీ లెక్క బదులు ఈ లెక్క వేయండి. దీనికి ఖర్చు లేదు.

3. నడక. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు చాలు. మా కేంద్రంలో ఒక చెల్లి అడిగింది: "పొద్దస్తమానం కాయ కోసేవాళ్ళం, మేం కూడా నడవాలా?" అక్కర్లేదు. ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు కావలసింది విశ్రాంతి. మిషను కుట్టేవాళ్ళు, కొట్లో కూర్చునేవాళ్ళు, పనుల్లేని రోజుల్లో ఇంట్లో ఉండేవాళ్ళు నడవాలి. ఇద్దరు ముగ్గురు కలిసి నడిస్తే మాట్లాడుకున్నట్టూ ఉంటుంది.

4. వేళకు తిండి. పూట మానేయడం మంచిది కాదు. ఆకలి ఆపుకుని ఆపుకుని ఒక్కసారి ఎక్కువ తింటాం. పళ్ళెంలో అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి. వీలైతే గుడ్డు తినండి. టీలో రెండు చెంచాలకు ఒకటి చేయండి. ఐదు టీలకు రెండు చేయండి. మిగిలిన అన్నం రాత్రి తినకండి. నీళ్ళు పోసి ఉంచితే పొద్దున చద్దన్నం. అదే పొద్దుటి తిండి అవుతుంది.

5. మాట. దిగులు లోపల దాచుకుంటే పెరుగుతుంది. నమ్మినవాళ్ళకు చెప్పుకోండి. నేను డి.ఎడ్. చదివి ఉద్యోగ పరీక్ష కోసం ఎదురుచూసిన రోజుల్లో ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. గదిలో కూర్చుని చేగోడీలు తినేదాన్ని. ఒక్క ఏడాదిలో ఐదు కిలోలు పెరిగాను. మా అమ్మతో నోరు విప్పి ఏడ్చిన రోజు హాయిగా నిద్రపోయాను.

చెప్పుకోవడానికి ఎవరూ లేకపోతే 14416 నంబరుకు ఫోను చేయండి. దాని పేరు టెలీ మానస్. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పలుకుతారు. తెలుగులో మాట్లాడతారు. డబ్బు అక్కర్లేదు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా చేయండి. ఇంట్లో కొడుతుంటే 181 నంబరుకు చేయండి.

6. దిగులు వేరు. ఊపిరి పీల్చినంత మాత్రాన అప్పు తీరదు. దిగులు దేనివల్లో కాగితం మీద రాయాలి. పెద్దక్క రాసింది. తన చేత్తో రాసుకున్న మొదటి లెక్క అదే.

బాకీ 50,000 రూపాయలు. వడ్డీ నూటికి 3 రూపాయలు. నెలకు 1,500 రూపాయలు. ఏడాదికి 18,000 రూపాయలు!

నోటి లెక్కలో ఇన్నాళ్ళూ ఆ మొత్తం కనబడలేదు. కాగితం మీద కనబడింది. ఆమె పొదుపు సంఘంలో మాట్లాడింది. సంఘం వాళ్ళు నూటికి రూపాయి వడ్డీకి అప్పు ఇప్పించారు. పాత బాకీ తీర్చింది. ఇప్పుడు నెలకు వడ్డీ 500 రూపాయలే. అప్పు పోలేదు. కానీ అర్ధరాత్రి లేచి లెక్క వేయడం తగ్గింది. లెక్క పుస్తకంలో ఉంది కదా!

నడుము కొలుద్దాం

బరువు తూచే మిషను లేకపోయినా పరవాలేదు. దర్జీ టేపు చాలు. నిలబడండి. పొట్ట బిగబట్టకండి. పక్కటెముకల చివరకూ, తుంటి ఎముకకూ మధ్యలో టేపు చుట్టండి. ఊపిరి వదిలి అంకె చదవండి.

ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్ల లోపు ఉంటే మంచిది. ఎక్కువ ఉంటే జాగ్రత్త పడాలి. నెలకు ఒకసారి కొలిచి తేదీ వేసి రాసుకోండి. 30 ఏళ్ళు దాటితే ఆరోగ్య ఉపకేంద్రంలో బీపీ, షుగరు చూపించుకోండి. ఆ పరీక్ష ఉచితం.

పెద్దక్క మొదటిసారి కొలిచినప్పుడు 96 వచ్చింది. డాక్టరమ్మ చెప్పినట్టు తెల్ల మాత్రలు మెల్లమెల్లగా తగ్గించింది. టీలు రెండయ్యాయి. ఎనిమిది నెలలకు కొలిస్తే 91 వచ్చింది. ముఖం ఉబ్బు తగ్గింది. 80కి ఇంకా చాలా దూరం ఉంది. మోకాళ్ళ నొప్పి ఇంకా ఉంది. కానీ ఆమె పుస్తకంలో ఎనిమిది అంకెలు ఆమె చేత్తో రాసినవే ఉన్నాయి.

మొన్న ఎవరో ఇంకొక అక్కను చూసి "ఏం తింటన్నావే" అని నవ్వారు. పెద్దక్క వాళ్ళను ఆపింది.

"నవ్వబాకండి. ముందు ఆమెకు నిద్ర పడుతుందో లేదో అడగండి" అంది.

గుర్తుంచుకుందాం

దిగులు రోజూ ఉంటే కార్టిసోల్ ఎక్కువవుతుంది. ఆకలి, నిద్ర, పొట్ట – మూడూ మారతాయి.
లావెక్కిన మనిషిని చూసి నవ్వకూడదు.
పేరు లేని మాత్రలు వేసుకోకూడదు. స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా మానకూడదు.
నిద్ర, ఊపిరి, నడక, వేళకు తిండి, మాట – ఇవి మన చేతిలో ఉన్న మందులు.
దిగులు వేరు ఎక్కడుందో కాగితం మీద రాయాలి. నలుగురితో కలిసి దాని సంగతి చూడాలి.

మాట్లాడుకుందాం

1. మన ఊళ్ళో ఆడవాళ్ళకు నిద్ర పట్టనివ్వని దిగుళ్ళు ఏమిటి?
2. వాటిలో ఒక్కరమే తీర్చుకోగలిగేవి ఏవి? సంఘంగా కలిసి తీర్చుకోవలసినవి ఏవి?
3. మీ ఇంట్లో నెలకు ఎంత చక్కెర వాడతారు? ఇంట్లో ఎంతమంది ఉన్నారు? మనిషికి ఎంత పడుతుంది? లెక్క వేయండి.
4. మీ నడుము కొలత, ఈ రోజు తేదీ మీ పుస్తకంలో రాయండి.